గుట్ట మీది ఎద్దుబొమ్మకు సర్వే నంబరు ఉందా?

ఈ శీర్షికకు ఇటీవల వచ్చిన ఉత్తరాలలో రాతి మీది చెక్కడాల గురించి అడిగినవి ఎక్కువగా ఉన్నందువల్ల ఈసారి చోటంతా వాటికే ఇస్తున్నాము. రంగులతో వేసిన గుహాచిత్రాలు వేరు. రాయిని పొడిచి, గీకి, తొలిచి చేసిన బొమ్మలు వేరు. ఇక్కడి జవాబులన్నీ రెండో రకానికి సంబంధించినవి.

ప్రశ్న: మా ఊరి గుట్ట మీద నల్లటి బండలపై పొడవాటి కొమ్ముల ఎద్దుల బొమ్మలు, వరుసగా నిలబడిన మనుషుల బొమ్మలు కనిపిస్తాయి. పశువుల కాపరులు పొద్దుపోక చెక్కినవని మా తాతగారు అనేవారు. అవి నిజంగా ప్రాచీనమైనవో కావో తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు ప్రాంతం

జవాబు: మీ తాతగారి మాటను అంత సులువుగా కొట్టిపారేయవద్దు. వాటిని చెక్కింది పశువుల కాపరులే కావచ్చు. కాకపోతే ఆ కాపరులు నాలుగు వేల ఏళ్ళ కిందటివారై ఉండవచ్చు.

మీకు దగ్గరలోనే, బళ్ళారి పట్టణాన్ని ఆనుకొని ఉన్న సంగనకల్లు, కుప్పగల్లు గ్రామాల నడుమ, కన్నడంలో హిరేగుడ్డ అని పిలిచే పెద్ద గుట్ట ఒకటి ఉంది. ఒకప్పుడు దత్తమండలాలలో మీ ఊరూ ఆ గుట్టా ఒకే జిల్లాలో ఉండేవి గనుక దానిని పరాయిదనుకోనవసరం లేదు. ఆ గుట్ట గ్రానైటుదే అయినా, భూగర్భం నుంచి కరిగిన రాతిద్రవం పగుళ్ళలోకి ఎగదన్ని గడ్డకట్టడం వల్ల ఏర్పడిన నల్లటి డోలరైట్ రాతి బారు ఒకటి దాని మీదుగా గోడలాగా సాగుతుంది. బొమ్మలు ప్రధానంగా ఆ నల్లరాతి మీదనే ఉన్నాయి. డోలరైట్‌ను గట్టి రాయితో పొడిస్తే పైనున్న నల్లటి పొర లేచిపోయి లోపలి లేత రంగు బయటపడుతుంది గనుక, చెక్కేవాడికి పలక మీద బలపంతో గీసినంత స్పష్టంగా గీత కనిపించి ఉంటుంది. అక్కడి బొమ్మలలో సింహభాగం పశువులవే. మూపురం, బారెడు కొమ్ములు, సన్నని నడుము ఒకే ఒరవడిలో వందలసార్లు కనిపిస్తాయి. వాటి నడుమ మనుషులు, జింకలు, పక్షులు ఉన్నాయి. కొన్ని బొమ్మలు ఎంత ఇరుకైన చోట, ఎంత ఎత్తున ఉన్నాయంటే, చెక్కినవాడు పైనుంచి వేలాడుతూ పనిచేసి ఉండాలని పరిశోధకులు భావించారు. పొద్దుపోక చేసే పని అలా ఉండదు.

ఈ గుట్ట మీది బొమ్మలను మొదట గమనించిన పాశ్చాత్యుడు హ్యూబర్ట్ నాక్స్. 1892లో వాటి గురించి అచ్చులో రాసినవాడు పోలీసు అధికారి ఫాసెట్. కేరళలోని వయనాడులో ఎడక్కల్ గుహ చెక్కడాలను లోకానికి తెలియజేసింది కూడా ఈ ఫాసెట్టే. ఆ తరువాత ఈ చోటు పండితుల దృష్టి నుంచి దాదాపుగా జారిపోయింది. 2000 దశకం మొదట్లో పురావస్తు పరిశోధకురాలు నికోల్ బోవిన్ బృందం మళ్ళీ ఆ గుట్ట ఎక్కి, బొమ్మలతోపాటు ఒక విచిత్రాన్ని వివరంగా నమోదు చేసింది. అక్కడి కొన్ని బండల మీద గుంటలు పడి ఉన్నాయి. ఆ గుంటలలో చిన్న గ్రానైటు రాయితో కొడితే రాయి గుడిగంటలా మోగుతుంది. అక్కడికి అరవై కిలోమీటర్ల దూరంలోని హంపి విఠలాలయంలో మోగే స్తంభాల గురించి మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. వాటికి మూడు వేల ఏళ్ళకు ముందే ఆ నేల మీద రాతిని మోగించిన చేతులు ఉన్నాయన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఇక మీరు అడిగిన కాలనిర్ణయం. రంగుబొమ్మలలోనైతే ఒక్కోసారి బొగ్గో, మరేదైనా సేంద్రియ పదార్థమో దొరికి ప్రయోగశాలకు పని కల్పిస్తుంది. చెక్కడంలో రాయి పోవడమే గాని కొత్తగా చేరేది ఏమీ ఉండదు గనుక ఆ దారి సాధారణంగా మూసుకుపోయినట్టే. అందువల్ల పరోక్ష సాక్ష్యాల మీద ఆధారపడాలి. అన్నిటికన్నా ముందు చెక్కిన గీత రంగు చూడండి. నిన్న మొన్న చెక్కిన పేరు తెల్లగా, పచ్చిపుండులా కనిపిస్తుంది. వేల ఏళ్ళ ఎండావానలకు ఓర్చిన గీత చుట్టుపక్కల రాతి రంగులోకి తిరిగి కలిసిపోతూ ఉంటుంది. ఒక బొమ్మను తొక్కుకుంటూ ఇంకొక బొమ్మ ఉంటే, అడుగున ఉన్నది ముందుది. గుర్రపు రౌతు, ఇనుప కత్తి, అక్షరాలు కనిపిస్తే అవి తరువాతి కాలానివి. ఒకే బండ మీద అన్ని కాలాలవీ ఉండడం మామూలే. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం మాత్రం గుట్ట కింద ఉంటుంది. నున్నగా నూరిన రాతిగొడ్డళ్ళు, నూరుడు గుంటలు, చేతితో చేసిన బూడిదరంగు కుండపెంకులు, వీటికి తోడు పేడ కాలి గట్టిపడిన బూడిద దిబ్బ ఒకటి ఆ చుట్టుపక్కల ఉంటే, అది క్రీస్తుపూర్వం 3000 నుంచి 1200 నడుమ దక్కనులో పశువులను పెంచుకొని బతికిన నవీన శిలాయుగపు మనుషుల ఊరు అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. కాబట్టి బొమ్మను ఎంత శ్రద్ధగా చూస్తారో, దాని కింది నేలను అంతకన్నా శ్రద్ధగా చూడండి. అయితే దేనినీ ఏరి ఇంటికి తెచ్చుకోవద్దు. ఏ పెంకు ఎక్కడ పడి ఉందన్నదే దాని విలువలో సగం.

ప్రశ్న: మా గుట్ట మీద ఇలాంటి బొమ్మలే ఉన్నాయి. అక్కడ గ్రానైటు క్వారీకి లీజు ఇవ్వబోతున్నారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. ప్రాచీన అవశేషాలకు చట్టం రక్షణ ఉంటుంది కదా, దానంతట అదే ఆగిపోదా?
– ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: ఆగదు. ఈ ఒక్క మాటను వీలైనంత గట్టిగా చెప్పదలచుకున్నాను.

మన దేశంలో ప్రాచీన కట్టడాలకు, స్థలాలకు రక్షణ ఇచ్చే ప్రధాన చట్టం 1958 నాటిది. నూరేళ్ళకు తక్కువ కాని స్థలాన్ని జాతీయ ప్రాముఖ్యం గలదిగా కేంద్రం గుర్తించదలచినప్పుడు ముందుగా ప్రకటన జారీచేసి, అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఇచ్చి, ఆ తరువాత రక్షిత స్థలంగా ప్రకటిస్తుంది. అలా ప్రకటించిన తరువాతే దాని హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతమూ, ఆ పైన మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతమూ ఏర్పడతాయి. 2010 సవరణ ప్రకారం రక్షిత స్థలాన్ని పాడుచేసినవారికి రెండేళ్ళ వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. వినడానికి గట్టిగానే ఉంది. అయితే ఇదంతా జాబితాలో ఉన్న స్థలాలకే. అంత పెద్ద దేశంలో కేంద్రం జాబితాలో ఉన్నవి సుమారు 3,700. ఆంధ్రప్రదేశ్‌కు 1960 నాటి చట్టం, తెలంగాణకు 2017 నాటి వారసత్వ చట్టం ఉన్నాయి. రాష్ట్ర పురావస్తు శాఖలు వాటి కింద తమ జాబితాలు నడుపుతాయి. ఏ జాబితాలోనూ లేని మీ ఎద్దుబొమ్మ ఈ చట్టాల కంటికి వట్టి రాయే.

గుడికి గోపురం ఉంటుంది, పూజారి ఉంటాడు, మాన్యం ఉంటుంది, పండుగనాడు జనం ఉంటారు. దాని జోలికి వెళ్ళేవాడు పదిసార్లు ఆలోచిస్తాడు. బొమ్మలున్న గుట్టకు రెవెన్యూ రికార్డులో ఉండేది ఒక సర్వే నంబరు, దాని ఎదురుగా ‘కొండ పోరంబోకు’ అన్న రెండు మాటలు. క్వారీ దరఖాస్తు వచ్చినప్పుడు గనుల శాఖ తహసీల్దారును అడిగేది ఆ నంబరు గురించే. అక్కడ బొమ్మలున్నాయని అడంగల్లో ఎవరూ రాయలేదు గనుక ‘అభ్యంతరం లేదు’ అని జవాబు వెళ్ళిపోతుంది. ఇందులో దురుద్దేశం ఉండనవసరం లేదు, తెలియకపోవడం చాలు. హిరేగుడ్డలోనూ జరిగింది దాదాపు ఇదే: శతాబ్దానికి పైగా పుస్తకాలలో ఉన్న గుట్టను గ్రానైటు కోసం ఒక పక్క నుంచి కొట్టుకుంటూ వచ్చారు, 2004లో పరిశోధన వ్యాసం అచ్చయ్యేనాటికి అందులోని ముఖ్యమైన హెచ్చరిక క్వారీ గురించే.

అందుచేత మీరు చేయవలసిన మొదటి పని గ్రామపటంలో ఆ గుట్ట సర్వే నంబరు తెలుసుకోవడం. ఆ తరువాత బొమ్మల ఫొటోలు తీయండి. ప్రతి బొమ్మకూ ఒక దగ్గరి ఫొటో, గుట్ట ఆకారం కనిపించే ఒక దూరపు ఫొటో, ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు ఉండాలి. ఈ రెండూ కలిపి, సర్వే నంబరు మొదటి వాక్యంలోనే వచ్చేలా, రాష్ట్ర పురావస్తు శాఖకు ఒక అర్జీ రాయండి. దాని నకళ్ళు కలెక్టరుకు, తహసీల్దారుకు, గనుల శాఖ జిల్లా అధికారికి ఒకే రోజున ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రామసభ తీర్మానం జతపడితే అర్జీ బరువు పెరుగుతుంది. లీజు దరఖాస్తు ఏ దశలో ఉందో, దాని హద్దుల పటం ఎలా ఉందో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. పత్రికలకు చెప్పడం మంచిదే గాని, అది అర్జీ చేరిన తరువాత. ముందే వార్త వస్తే రాత్రికి రాత్రే పొక్లెయిన్ గుట్ట ఎక్కిన సందర్భాలు ఉంటాయి.

ఇంకొక మాట. అధికారులు కొన్నిసార్లు, ‘బొమ్మలున్న బండలు నాలుగే కదా, వాటిని వదిలి మిగిలిన గుట్ట తీసుకుంటారు’ అని రాజీ సూచిస్తారు. ఒప్పుకోవద్దు. పేలుడు అదురు గీత గీసిన చోట ఆగదు. పగుళ్ళు పడ్డ బండ రెండు వానాకాలాల తరువాత పెచ్చులూడుతుంది. అదీగాక ఊరు, బూడిద దిబ్బ, నూరుడు గుంటలు, ఎక్కిన దారి లేకుండా మిగిలిన నాలుగు బండలు ఎవరికీ ఏమీ చెప్పవు. మీ జిల్లాలోనే ఆస్పరి దగ్గరి మేకల బెంచి వద్ద ఎద్దుల చెక్కడాలు బయటపడింది ఈమధ్యనే. ఇంకా ఎన్ని గుట్టలు ఎవరి కంటా పడకుండా ఉన్నాయో గనుక, మీరు కాపాడదలచుకున్నది గుట్టను. బండలను మాత్రమే కాదు.

ప్రశ్న: మా పాఠశాల పిల్లలను రాతిబొమ్మలు చూపించడానికి తీసుకువెళ్ళాము. సరిగా కనిపించకపోవడంతో గీతల మీద సుద్దముక్కతో దిద్ది, నీళ్ళు చల్లి ఫొటోలు తీశాము. ఇందులో తప్పేమైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

జవాబు: పిల్లలను తీసుకువెళ్ళినందుకు అభినందనలు. సుద్దముక్క మాత్రం ఇకమీదట బడిలోనే ఉంచండి. సుద్ద పొడి రాతి రంధ్రాలలో దిగబడి, తరువాత వచ్చే పరిశోధకుడు పై పొరను పరీక్షించే వీలు లేకుండా చేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, మీరు దిద్దింది మీకు కనిపించిన బొమ్మను. అది కుక్కో, దూడో తేలకముందే సుద్దగీత దానిని కుక్కగా ఖాయం చేసేస్తుంది. పాత ఫొటోలలో సుద్దతో దిద్దిన బొమ్మలను చూసి తరువాతివారు పొరబడిన సందర్భాలు ఉన్నాయి. నీళ్ళు, నూనె, కిరసనాయిలు, కాగితం వేసి రుద్దడం, అచ్చుపోయడం కూడా అటువంటివే.

మధ్యాహ్నం నిటారు ఎండలో చెక్కడం కనిపించదు. ఉదయం ఏడు గంటలకు గాని, సాయంత్రం పొద్దు వాలే వేళకు గాని వెళ్ళండి. ఏటవాలు వెలుతురులో ప్రతి గుంటకూ నీడ పడి, బొమ్మ తనంతట తాను లేచి నిలబడినట్టు అవుతుంది. నీడలో ఉన్న బండకైతే పక్క నుంచి టార్చిలైటు చాలు. కొలత తెలియడానికి బొమ్మ పక్కన ఒక స్కేలు పెట్టండి, బొమ్మ మీద పెట్టవద్దు. ఇప్పుడు పది కోణాలలో తీసిన మామూలు ఫోను ఫొటోలను కలిపి రాతి ఉపరితలాన్ని త్రిమితీయంగా తయారుచేసే సాఫ్ట్‌వేర్ అందుబాటులో ఉంది. మీ తొమ్మిదో తరగతి పిల్లలు మీకన్నా త్వరగా నేర్చుకుంటారు.

ప్రశ్న: ముడుమాల్ నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్ళాయని చదివాను. ఇక వాటికి ఢోకా లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ముడుమాల్‌లో మనిషి ఎత్తును మించిన నిలువురాళ్ళు దాదాపు 80, చిన్న రాళ్ళ వరుసలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని సుమారు 3,500 నుంచి 4,000 ఏళ్ళ కిందటివిగా అంచనా వేస్తున్నారు. అక్కడి ఒక బండ మీద తొలిచిన గిన్నెల్లాంటి గుంటలు సప్తర్షి మండలం ఆకృతిలో ఉన్నాయని హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కె.పి. రావు గుర్తించిన తరువాత, రాళ్ళ వరుసలకూ సూర్యగమనానికీ ఉన్న సంబంధం మీద ఆసక్తి పెరిగింది. ఊరివారు వాటిని దేవుళ్ళుగా కొలవడమే ఇన్నాళ్ళూ వాటికి నిజమైన రక్ష. మన గ్రామదేవతలు పురావస్తు శాఖకు చేసిన సేవను ఎవరూ లెక్కగట్టలేదు.

2025లో భారత ప్రభుత్వం ఈ స్థలాన్ని తాత్కాలిక జాబితాలో చేర్పించింది. అయితే తాత్కాలిక జాబితా అంటే, ‘మేము ముందుముందు దీనిని ప్రపంచ వారసత్వంగా ప్రతిపాదించదలచుకున్నాము’ అని దేశం తెలియజేసే పట్టిక మాత్రమే. దానివల్ల ఒక్క గజం నేలకు కూడా చట్టబద్ధమైన రక్షణ రాదు. ఇందుకు కొంకణం మంచి ఉదాహరణ. మహారాష్ట్రలోని రత్నగిరి, సింధుదుర్గ్ జిల్లాలలోనూ గోవాలోనూ ఎర్రటి లాటరైట్ మైదానాల మీద, నడిచే నేల మీదనే, ఏనుగులు, ఖడ్గమృగాలు, చేపలు, మనుషుల బొమ్మలు తొలిచి ఉన్నాయి. కశేళి గ్రామంలోని ఒక ఏనుగు బొమ్మ పదిహేను మీటర్లకు మించిన పొడవుండి, తన కడుపులో ఎన్నో ఇతర జంతువులను దాచుకొని ఉంటుంది. ఖడ్గమృగం ఇప్పుడు ఆ తీరంలో లేదు గనుక చెక్కిన కాలపు అడవి ఎలా ఉండేదో ఆ బొమ్మ ఒక్కటే సాక్ష్యం చెబుతోంది. స్థానిక ఔత్సాహికులు ఊరూరా తిరిగి, గొర్రెల కాపరులను అడిగి వీటిని వెలికితీశారు. తొమ్మిది స్థలాలు 2022లో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. వాటిలో ఒకటైన బార్సు మైదానంలోనే చమురుశుద్ధి కర్మాగారం ప్రతిపాదన వచ్చి, 2023లో నేల పరీక్షల సమయంలో పెద్ద ఆందోళన నడిచింది. అక్కడ ఇంకొక ఇబ్బంది కూడా ఉంది: అదే లాటరైట్‌ను ఇటుకల్లా కోసి ఇళ్ళు కట్టుకోవడం ఆ ప్రాంతపు జీవనాధారం. నేల చాలావరకు ప్రైవేటు వ్యక్తులది. యజమానికి ప్రత్యామ్నాయం చూపకుండా ‘నీ పొలంలో చరిత్ర ఉంది, తవ్వకు’ అనడం న్యాయం కాదు.

ప్రశ్న: నేను స్వీడన్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడి తానుమ్‌లో రాతిబొమ్మలకు ఎర్రరంగు పూసి, చెక్కవంతెన మీద నడిచి చూసేలా ఏర్పాటు చేశారు. చాలా బాగుంది. మన దగ్గర అలా ఎందుకు చేయరు?
– ఒక పాఠకుడు, గోథెన్‌బర్గ్

జవాబు: వంతెన విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, రంగు విషయంలో కాదు. తానుమ్ చెక్కడాలు అక్కడి కంచుయుగానివి, 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. మంచు రాపిడికి నున్నబడిన బూడిదరంగు బండ మీద లోతులేని గీతలు యాత్రికులకు కనిపించవని ఎర్రరంగు నింపే అలవాటు ఉత్తర ఐరోపాలో చాలాకాలం సాగింది. నార్వేలోని ఆల్టాలో కూడా అలాగే పూశారు. తరువాత మనసు మార్చుకొని ఆ రంగును తొలగించే పని పెట్టుకున్నారు. సుద్దముక్క గురించి పై జవాబులో చెప్పిన అభ్యంతరమే ఇక్కడా వర్తిస్తుంది: రంగు పూసేవాడు తనకు అర్థమైన బొమ్మనే చూపిస్తాడు. మన నల్లరాతి బొమ్మలకైతే ఆ అవసరమే లేదు.

మనం అక్కడి నుంచి తెచ్చుకోదగినది నడకదారి, చూపే మనిషి, ఊరికి దక్కే ఆదాయం. కొంకణంలోని ఉక్షిలో బొమ్మ చుట్టూ రాతిగోడ కట్టి, దాని మీద నుంచి చూసేలా చేశారు. ఆడంబరం లేదు, కాలు బొమ్మ మీద పడదు. బళ్ళారిలో, మన దేశపు పూర్వచరిత్ర పరిశోధనకు ఆద్యుడైన రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేరిట వెలసిన సంగనకల్లు పురావస్తు ప్రదర్శనశాల కూడా ఇటువంటి మంచి ప్రయత్నమే. గుట్ట ఎక్కేముందు దానిని చూసినవారికి ఎక్కిన తరువాత కళ్ళు పనిచేస్తాయి.

ప్రశ్న: ఇంత గొడవ ఎందుకు, బొమ్మలున్న రాళ్ళను కోసి మ్యూజియంలో పెట్టకూడదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పోర్చుగల్‌లో కోవా నది మీద ఆనకట్ట కడుతుండగా 1994లో పాతరాతియుగపు చెక్కడాల సంగతి బయటపడినప్పుడు అక్కడివారు కూడా ఈ మాట అన్నారు. బడిపిల్లలు, పండితులు కలిసి ‘బొమ్మలకు ఈత రాదు’ అని నినదించారు. 1995లో కొత్త ప్రభుత్వం ఆనకట్ట పనిని ఆపింది. 1998లో ఆ లోయ ప్రపంచ వారసత్వమైంది. అంత ఖర్చు పెట్టిన ఆనకట్టనే ఆపగలిగినప్పుడు ఒక క్వారీ లీజును మరో గుట్టకు మార్చడం అసాధ్యమేమీ కాదు. మీ ప్రశ్నకు సూటి జవాబు: మోగే రాయిని మ్యూజియం గదిలో పెడితే, అది మోగే చోటు గుట్ట మీదనే మిగిలిపోతుంది.

ప్రశ్న: మా చేను గట్టున బండ మీద వరుసగా గుంటలు ఉన్నాయి. గుప్తనిధికి గుర్తు అంటూ కొందరు రాత్రిపూట వచ్చి తవ్వుతున్నారు. ఆ గుంటల అర్థమేమిటి?
– ఒక రైతు, అన్నమయ్య జిల్లా

జవాబు: రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు ఉంటే అవి చాలావరకు వామనగుంటలు, మీ ముత్తాతల కాలంలో చింతగింజలతో ఆడుకున్న ఆట. ఒక క్రమం లేకుండా, నున్నగా, గిన్నెల్లా ఉంటే ప్రాచీనమైనవి కావచ్చు. సమాధుల మీది కప్పుబండల పైన కూడా అటువంటివి కనిపిస్తాయి. రెండింటిలో దేని కిందా బంగారం ఉండదు. పశువులే ఆస్తిగా బతికినవారు లంకెబిందెలు పాతిపెట్టరు. ఒకవేళ నిధి దొరికినా అది దానంతట అదే తవ్వినవాడి సొంతం అయిపోదు. పది రూపాయల విలువకు మించి ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది, అది ఇప్పటికీ అమలులో ఉంది. తవ్వకాల గురించి పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బండ పట్టాభూమిలో ఉందా, గట్టు పోరంబోకా అన్నది వారు మొదట అడుగుతారు. పాసుపుస్తకం నకలు వెంట తీసుకువెళ్ళండి.